భాగీరథి బండి మీద నేను ఫిర్యాదు చేయలేదు

బుగ్గోడా,

ఈ కాగితం నీకు కాదురా. పట్నంలో తిండి బండ్లను చూసుకునే పెద్దసారుకు. కలం పట్టుకోగానే చేయి ముందుగా నిన్నే పిలిచింది. కొట్టివేస్తే అర్జీ ఖరాబవుతుందని మీ చెల్లె అంటున్నది. ఉండనీ అన్నాను. ఆ సారు కూడా ఎవరో ఒకరికి కొడుకే కదా, ఏమనుకోడు.

వీధి బండ్ల విభాగము అధికారి గారి సముఖమునకు, జహీరాబాద్ వాస్తవ్యురాలు, వీరన్న భార్య సంగమ్మ వ్రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: మెట్రో స్తంభముల క్రింద అన్నము అమ్ముకొను భాగీరథి బండి మీద నేను ఎట్టి ఫిర్యాదు చేయలేదనియు, నా పేరు చెప్పి ఎత్తుకొనిపోయిన బండిని ఆమెకు తిరిగి ఇప్పించవలసినదనియు, ఈ సంగతి నా కుమారుని ఏడాది దినము లోపల ఆమెకు తెలియపరచవలసినదనియు.

నేను ఏడో తరగతి దాకా చదువుకున్నాను. పైనున్న గట్టి మాటలు మా బిడ్డ కావ్య చెప్పింది. ఆమె నర్సు చదువు చదువుతున్నది. వరుస నంబర్లు వేసి రాస్తేనే ఆఫీసు వాళ్ళు చదువుతారని కూడా ఆమే చెప్పింది. అందుకని వేస్తున్నాను.

1. నా కుమారుడు పవన్ పట్నములో మోటారు సైకిలు మీద హోటళ్ళ నుండి ఇండ్లకు తిండి చేరవేయు ఉద్యోగము చేయుచుండెను. ప్రతిదినము పొద్దు గూకిన పిమ్మట నాకు ఫోను చేయుచుండెను. ఈ 'చుండెను'లు నాకు అందడం లేదు సారూ, ఇక మామూలుగా రాస్తాను.

ఫోన్ ఎత్తగానే నేను అడిగేది ఒక్కటే. ఏం తిన్నవ్ బిడ్డా? తిన్నాను అంటే సరిపోదు నాకు. ఏం తిన్నాడో, ఎట్లా ఉందో చెప్పాలి. అది విన్నాకే నేను కంచం ముందు కూర్చునేదాన్ని.

"ఇయ్యాల వెన్న దోశనే అమ్మా. సైకిల్ టైరంత ఉంటది. పెనం మీదనే ఉప్మా పరిచి, మీదికెల్లి కారప్పొడి చల్లి, గింత వెన్న ఏస్తడు. అంచులు కరకర, నడుమ మెత్తగ."

"కడుపు నిండిందా?"

"ఇంక నిండుడా! బెల్టు వదులు చేసుకున్న."

ఇంకో రోజు చార్మినార్ వెనక గల్లీలో నహారీ, అదే మేకకాళ్ళ పులుసు. "తెల్లారకముందే పోవాలె అమ్మా, పొద్దెక్కినంక పోతే గిన్నె అడుగు కనవడ్తది." ఇంకో రోజు మొజంజాహీ మార్కెట్‌లో సీతాఫలం ఐస్‌క్రీం. ఇరానీ హోటల్లో చాయ్ సాసర్‌లో పోసుకుని తాగితేనే దాని రుచి అనేవాడు. రంజాన్ నెలలో హలీం తింటే మీద వేయించిన ఉల్లిగడ్డ ఇంకింత అడగాలని, అడిగితే కాదనరని చెప్పేవాడు. మిర్చి బజ్జీ అయితే, మధ్యలో కోసి ఉల్లిగడ్డ కూరి నిమ్మకాయ పిండేవాడి దగ్గరే తినాలట, మిగతావాళ్ళు ఉత్త పిండి అమ్ముతారట.

నేను పట్నం చూసింది రెండుసార్లు, అదీ దవాఖానకు. కానీ అక్కడ ఏది ఎక్కడ బాగుంటుందో నన్ను అడిగితే ఇప్పటికీ చెబుతాను. మా వాడకట్టులో ఎవరు పట్నం పోయినా నన్ను అడిగే పోయేవారు. తినివచ్చి, "సంగమ్మక్కా, నీ కొడుకు చెప్పినకాడ తింటే ఇంక ఇంట్ల కూర నోటికి వోతలేదు" అనేవారు. నేను పొంగిపోయేదాన్ని. నా కొడుకు కష్టపడుతున్నాడు, కానీ తింటున్నాడు అనుకునేదాన్ని.

దసరాకు వచ్చినప్పుడు వాడి బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. పుట్టినప్పటి నుంచి నిండుగా ఉన్న బుగ్గలు, ఆ పేరుతోనే పిలిచేవాళ్ళం.

"యాడికి వోయినయ్‌రా బుగ్గలు?" అన్నాను.

"హెల్మెట్ గుంజుకున్నదే" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

2. పోయిన కార్తీకంలో, వాన పడుతున్న ఒక మధ్యాహ్నం, వాడు కళ్ళు తిరిగి నడుస్తున్న బండి మీద నుంచి పడిపోయాడు. మేము దవాఖానకు పోయేసరికి మాట లేదు. డాక్టరమ్మ మమ్మల్ని పక్కకు పిలిచి, "బాబు సరిగ్గా తినేవాడు కాదా? కడుపులో ఏమీ లేదు" అని అడిగింది.

నాకు కోపం వచ్చింది. "నా కొడుకు తిన్నంత తిండి ఈ పట్నంల ఎవ్వలు తినలేదమ్మా. మొన్న నహారీ తిన్నడు, నిన్న దోశ తిన్నడు. నువ్వు వేరే పిలగాని కాగితం చూస్తున్నవేమో, జర మల్ల చూడు" అన్నాను. ఆమె నా భుజం మీద చేయి వేసింది. ఆ చేయి తోసేశాను.

మరునాడు వాడు పోయాడు.

3. తమరిది ఏ ప్రాంతమో తెలియదు కనుక మా ఆచారం మనవి చేసుకుంటున్నాను. మాలో మనిషి పోయిన మూడోనాడు పిట్టకు పెడతాం. పోయినవాడికి ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి దూరం జరుగుతాం. కాకి వచ్చి ముట్టితే వాడు తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే వాడి మనసులో ఏదో ఉండిపోయినట్టు. ఆ తరువాత నెలనెలా మాసికానికి పెడతాం. ఏడాది దినంతో అది ఆఖరు. ఇక వాడు పెద్దల్లో కలిసిపోతాడు, మన ఒక్కరి కొడుకుగా ఉండడు.

వాడికి ఇష్టమైనవన్నీ పట్నంలో ఉన్నాయి కదా. అందుకని వాడి దోస్తు మణికంఠను పంపాను. వాళ్ళది కోస్తా దిక్కు, తండ్రి మా ఊరి ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఇద్దరూ బడి నుంచి కలిసే తిరిగారు, పట్నంలో ఒకే గదిలో ఉన్నారు. ఆ పిల్లవాడు దోశ, నహారీ, బజ్జీలు అన్నీ కట్టించుకుని బస్సులో తెచ్చాడు. నా చేతితో వండింది ఒక్కటి కూడా పెట్టలేదు. పట్నం తిండి మరిగినవాడికి మన జొన్నరొట్టె ఎందుకు అనుకున్నాను.

కాకి గోడ మీద కూర్చుని చూసింది. దిగలేదు. మా ఆయన చేతులు జోడించాడు, నీళ్ళు చల్లాడు, "రారా, వచ్చి తిను, నీ చెల్లెను మేం చూసుకుంటం" అన్నాడు. ఎండ నెత్తికెక్కింది. అది లేచి కరెంటు తీగ మీదికి పోయింది. ఆఖరుకు ఆవుకు పెట్టి వచ్చాం.

"తల్లి మీద అలిగిండు" అన్నది మా ఆడబిడ్డ, అందరి ముందు.

మరుసటి నెలా అంతే. ఆ మరుసటి నెలా అంతే. ప్రతిసారీ మణికంఠ మోసుకువచ్చేవాడు, ప్రతిసారీ ఆవు తినేది.

4. తిండి చల్లారిపోవడం వల్ల కాకి ముట్టడం లేదని నేను తలచితిని. ఇది నా బుర్రకు తోచిన కారణం.

"నువ్వు తెచ్చేసరికి వెన్న గడ్డ కడ్తున్నది బిడ్డా. వాడు వేడివేడి తినెటోడు. ఈపారి నేనే వస్త, పొగలు వోతుండంగనే వట్టుకొస్త" అన్నాను.

"మీకెందుకు పిన్నీ శ్రమ? ఈసారి ఫ్లాస్కులో తెస్తాగా" అన్నాడు మణికంఠ.

"దోశ ఫ్లాస్కుల ఎట్ల పడ్తదిరా?"

వాడిని వెంటబెట్టుకుని నేను బయలుదేరాను.

దోశ బండి దొరికింది. నా కొడుకు చెప్పినట్టే ఉంది, ఒక్క అక్షరం తేడా లేదు. ఆయన పెనం మీద నీళ్ళు చిలకరిస్తూ, నేను చూపించిన పవన్ ఫోటో చూశాడు. "గీ తమ్ముడు నాకు ఎరుకనే అమ్మా. మస్తు సార్లు వచ్చిండు."

"ఇక్కడనే నిలవడి తినెటోడా?"

"తినలే అమ్మా. ఒక్కనాడు తినలే. పార్సిల్ కోసం వస్తుండె. దోశ అయ్యేదాంక పెనం దిక్కే చూసుకుంట, అన్నా పొడిల ఏమేస్తవ్, వెన్న ముందుగాల్నా ఆఖరుకా అని అడుగుతుండె. పోటీకి బండి వెడ్తడేమో అని నేను సగం సగం చెప్తుండె."

నహారీ హోటల్లో, "హా, పార్సిల్ తీస్కపోయే పోరడు" అన్నారు. బజ్జీల ఆయన, "వాసన మంచిగున్నదన్నా అని చెప్పి పోతుండె" అన్నాడు.

నేను వెనక్కి తిరిగి చూశాను. మణికంఠ తల ఎత్తలేదు.

"నీకు ఎరుకనా?"

"ఒట్టు పెట్టించుకున్నాడు పిన్నీ. అమ్మకి చెప్పావంటే నేను చచ్చినంత ఒట్టు అన్నాడు."

"సచ్చిపోయిండు కదరా! ఇంక ఒట్టెవ్వనికి? ఇన్ని నెలలు, వాడు నోట్ల వెట్టని తిండి వాని విస్తర్ల వెట్టిస్తివి. కాకి దిగకపోతే నా మీద అలిగిండని అందరు అంటుంటే, పక్కనే నిలవడి ఇన్నవ్ కదరా!"

"ఇది దోశ, వాడికి ప్రాణం అని మీరు అంత నమ్మకంగా చెబుతుంటే, నేనెలా కాదనను పిన్నీ? నాకు నోరు రాలేదు." వాడు నడిరోడ్డు మీద ఏడ్చాడు. బజ్జీల ఆయన వాడికి నీళ్ళు ఇచ్చాడు. నేను వాడిని పట్టుకోలేదు. నాకు బుద్ధి పుట్టలేదు.

అయ్యా, నా కొడుకు చెప్పినవన్నీ నిజాలే. దోశ నిజం, వెన్న నిజం, నిమ్మకాయ నిజం. తిన్నాను అన్నది ఒక్కటే అబద్ధం. వచ్చిన జీతం చెల్లె చదువుకు పంపి, మిగిలిన దానితో గడుపుకున్నాడట. ఈ మాట రాస్తుంటే కావ్య లేచి బయటికి పోయింది. ఇక్కడి నుంచి తప్పులన్నీ నావే, మన్నించాలి.

5. "మరి ఏం తిని బతికిండురా?" అని అడిగితే, మణికంఠ నన్ను మెట్రో స్తంభాల కింద ఒక అన్నం బండి దగ్గరికి తీసుకుపోయాడు. రేకుల కప్పు, వండడానికి రెండు పెద్ద డేగిశలు, ఒక బల్ల. వేడి అన్నం, పుంటికూర పప్పు (మీ దిక్కు గోంగూర అంటారేమో), అడిగితే గుడ్డు. బండి ఆమె పేరు భాగీరథి. మా న్యాల్‌కల్ దిక్కు మనిషే, మాట వెంట కన్నడం తగులుతుంది. నేను ఫోటో బయటికి తీయకముందే గంటె పక్కన పెట్టింది.

"నువ్వు పవన్ వాళ్ళ అమ్మవు కదా? గా బుగ్గలు చూస్తనే ఎరుకైంది."

వాడు రోజూ మధ్యాహ్నం వచ్చేవాడట. ఒక్క పూటే తినేవాడట. అది తెలిసి ఆమె అడగకుండానే ఇంకో గంటె అన్నం వేసేదట.

"అమ్మకు చెప్పురా, నా కాడ తింటున్నవని, అని మస్తు సార్లు అన్న అక్కా. రోడ్డు మీద పప్పన్నం తింటున్న అంటే మా అమ్మ పరేషాన్ అయితది, వెన్న దోశ అంటే నిమ్మలంగ పంటది అనెటోడు. పైంగ నా పప్పుకు వంక వెట్టెటోడు. నీ చేతికి ఉప్పెక్కువ, ఒకపారి జహీరాబాద్ వోయి మా అమ్మ కాడ నేర్చుకో అని!"

ఆ వాన రోజు వాడు రాలేదు. వాడి పప్పు ఒక గిన్నెలో పక్కకు తీసిపెట్టి, బండి మూసేదాకా చూసిందట.

నేను ఆ బల్ల మీద కూర్చుని ఆమె చేతి అన్నం తిన్నాను. ఉప్పు నిజంగానే ఎక్కువ. ఆ మాసికానికి వేరే ఏమీ తేలేదు. ఆ పప్పన్నమే డబ్బాలో తెచ్చి విస్తరిలో పెట్టాను. ఇంకా నా చేయి కూడా కడుక్కోలేదు, కాకి దిగింది. దాని వెంట ఇంకోటి. మా ఆయన అక్కడే కూలబడి ఏడ్చాడు. మా ఆడబిడ్డ నా కొంగు పట్టుకుని ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు సారూ. కడుపులో మంట లేచింది. కన్నది నేను. వాడు నిజంగా తిన్న ముద్ద వేరే ఆడమనిషిది. వాడు అబద్ధాలు చెప్పింది నాకు, నిజం చెప్పుకుంది ఆమెకు. తమకు ఈ మాట అక్కర లేదని తెలుసు. అయినా రాశాను.

మరుసటి నెల నుంచి నేనే పోయి ఆమె ముందు డబ్బా పెట్టి చేతులు జోడించేదాన్ని. "దండం ఎందుకక్కా, కూసో, ముందుగాల నువ్వు ఇంత తిను" అనేది. వాడి కబుర్లు చెప్పేది. నాకు తెలియని నా కొడుకు ఆమె దగ్గర ఉన్నాడు. కొంచెం కొంచెంగా తెచ్చుకునేదాన్ని. ఏడాది దినానికి తానే మా ఇంటికి వచ్చి, మా పొయ్యి మీదనే వండుతానని మాట ఇచ్చింది.

6. ఇక తమ ఆఫీసు సంగతి. భాగీరథిని అక్కడి నుంచి మాటిమాటికీ జరపమంటున్నారని విని, ఆమె బండిని అక్కడనే ఉండనీయవలసినదిగా కోరుచు, గత మాసము తమ ఆఫీసులో అర్జీ సమర్పించియుంటిని. అందులో నేను రాసింది ఇంతే. నా కొడుకు పోయాడు. బతికున్నన్ని రోజులు ఈ బండి వాడికి అన్నం పెట్టింది. పట్నంలో మంచి తిండి ఎక్కడ అని ఎవరన్నా అడిగితే ఈ బండినే చూపించండి, కదిలించకండి.

గుమాస్తా జగ్గయ్య గారు తీసుకుని ముద్ర వేశారు. "మంచిగ రాసినవమ్మా. పని అయితది" అన్నారు. ఆయనకు కూడా దండం పెట్టి వచ్చాను.

పని అయింది. లారీ వచ్చి బండిని, డేగిశలను, బల్లను ఎత్తుకుపోయింది. డేగిశలో అన్నం ఉండగానే ఎత్తారట. వచ్చినవాళ్ళు భాగీరథికి నా కాగితం దూరం నుంచి చూపించి, "నీ తిండి తిని కొడుకు సచ్చిపోయిండని జహీరాబాద్ సంగమ్మ కంప్లయింట్ ఇచ్చింది" అన్నారట. పక్కన పాన్ డబ్బా ఆయన విని మణికంఠకు చెప్పాడు.

నేను మళ్ళీ జగ్గయ్య గారి దగ్గరికి పోయాను.

"సారూ, నేను ఉంచుమని రాస్తి. మీరు ఎత్తుకపోయిన్రు. గిదేం పని?"

"చూడమ్మా, నీ అర్జీల చావు ఉన్నది, బండి తిండి ఉన్నది. గవి రెండు ఒక్క కాగితంల ఉంటే మా దగ్గర ఒక్కటే సెక్షను. దాడులకు పంపుతం."

"ఆఖరుదాంక చదివిన్రా?"

"గన్ని వస్తయి, ఆఖరుదాంక ఎవ్వలు చదువుతరు?"

"చదవకుండనే మంచిగ రాసినవ్ అన్నవా?"

"దస్తూరి మంచిగుండె" అన్నారాయన. ఎగతాళికి అనలేదు, నిజంగానే అన్నారు.

తరువాత జాలిపడి ఒక సలహా కూడా ఇచ్చారు. కొత్తగా లైట్లు పెట్టి తిండి వీధి కట్టారని, అక్కడ దొరకనిది లేదని, పిట్టకు కావలసింది అక్కడ కొనుక్కుపొమ్మని. పోయి చూశాను. రంగు గొడుగులు, అద్దాల కొట్లు, నిలబడి ఫోటోలు దిగే జాగా ఉన్నాయి. పుంటికూర పప్పు ఉందా అని అడిగితే, ఆ పిల్ల ఫోన్‌లో వెతికి చూసి, లేదు ఆంటీ అన్నది.

7. భాగీరథికి ఫోన్ చేశాను. ఒక్కసారి ఎత్తింది.

"అక్కా, నీ కొడుకు ఆకలి చూసి అన్నం వెట్టిన. గదే నా తప్పు. నా బల్ల మీద కూసోని తిని, నా మీదనే కాగితం రాస్తివి. నాతోని చెప్తే నేనే బండి తీస్కోని పోదును కదా. ఇంక నాకు ఫోన్ చెయ్యకు."

నేను రాయలేదు, నేను రాయలేదు అని అరుస్తూనే ఉన్నాను. అప్పటికే పెట్టేసింది. ఆ తరువాత నా నంబరు కలవడం లేదు. మణికంఠ పోయి చూస్తే గది ఖాళీ చేసి వెళ్ళిందన్నారు. వాడితో నేను ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు, అయినా పాపం తిరుగుతున్నాడు.

నా కొడుకు నన్ను నమ్మించాడు. వాడిని తలచుకుని తిట్టుకుంటాను, తిట్టి ఏడుస్తాను. మణికంఠ ఎదురుగా ఉన్నాడు, రేపో మాపో వాడికి అన్నం పెడతాను. కానీ తమ ఆఫీసు నా చేతి రాతనే తీసుకుని, నా కొడుక్కు అన్నం పెట్టిన మనిషి పొయ్యి ఆర్పింది. దండం పెట్టి ఇచ్చిన కాగితం అది. నేను ఎవరిని తిట్టాలి సారూ? ముద్రను తిట్టనా?

8. కావున తమరు దయయుంచి, భాగీరథి బండి ఏ గోదాములో ఉన్నదో కనుక్కుని, డేగిశలు బల్లతో సహా, ఎక్కడి నుండి తీసితిరో అక్కడనే నిలిపించవలెను. ఆమె ఎక్కడ ఉన్నదో తమ మనుషులతో వెదికించవలెను. లారీ తీసుకుని పోయినప్పుడు సులభంగానే దొరికింది కదా. సంగమ్మ ఫిర్యాదు చేయలేదు, తప్పు ఆఫీసుది అని ఒక కాగితము ఆమె చేతికి ఇవ్వవలెను. దాని మీద ముద్ర తప్పక ఉండవలెను. నా మాట కంటే ముద్రనే ఆమె నమ్మింది.

ఏడాది దినం ఈ కార్తీక బహుళ పంచమి. ఆ రోజు ఆమె వచ్చి వండకపోయినా నేను ఏమీ అనుకోను. పుంటికూర పప్పు నాకూ వచ్చు, ఉప్పు ఇంకింత వేస్తాను. కాకి వస్తుందో రాదో దాని ఇష్టం. కానీ నా కొడుకు ఆకలి చూసిన మనిషి ఎక్కడో కూర్చుని నన్ను దొంగదని అనుకుంటూ ఉంటే, నేను ఆ రోజు విస్తరి వేయలేను. వాడు పెద్దల్లో కలిసేలోపు ఆమెకు నిజం తెలియాలి. నాకు కావలసింది అంతే.

ఈసారి మొదటి నుంచి ఆఖరు దాకా చదివి చిత్తగించవలెను. మధ్యలో ఆపి ఏ సెక్షనుకూ పంపవద్దు.

తమ విధేయురాలు అని రాయమన్నది కావ్య. రాశాను.

సంగమ్మ
పవన్ తల్లి

మళ్ళీ రాసేది: ఈ అర్జీ తమ చేతికే ఇద్దామని మొన్న మీ గది గుమ్మం దాకా వచ్చాను సారూ. నాలుగు దాటింది. మీ చుట్టూ జనం, ఫైళ్లు. కిటికీ పక్కన మీ సద్ది డబ్బా మూత కూడా తీయకుండా ఉంది. మీరు ఒకసారి దాని దిక్కు చూసి మళ్ళీ సంతకాలు పెట్టుకున్నారు. నేను కూడా వచ్చి ఇంకో కాగితం మీ ముందు పెట్టడం బాగుండదని తిరిగి వచ్చేశాను, అందుకే తపాలాలో పంపుతున్నాను. బండి సంగతి మరవవద్దు. అది చూడకముందు డబ్బా మూత తీయండి. పొద్దున్నే లేచి కట్టి ఇచ్చినవాళ్ళు ఉంటారు. కడుపునిండా తినండి సారూ.